కాలేజీ గోడ మీద కప్పులున్నాయి సరే, షీట్లు ఏవి?

[షాట్: హైదరాబాద్, మాసాబ్ ట్యాంక్ రోడ్డు, ఉదయం ట్రాఫిక్. గేటు బయట చేతుల్లో ఫైళ్లతో పిల్లలు, పక్కన అమ్మానాన్నలు.]

ఇంటర్ అయిపోయింది. ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటా స్కోరు చేతిలో ఉంది. ఇక కాలేజీ ఎంచుకోవాలి. ఏ ఆర్కిటెక్చర్ కాలేజీ బ్రోషర్ తిప్పినా మధ్యలో రెండు పేజీలు ఒకేలా ఉంటాయి: విద్యార్థుల, అధ్యాపకుల విజయాలు. ఫొటోలో నలుగురు పిల్లలు, చేతిలో పెద్ద చెక్కు, పక్కన ప్రిన్సిపాల్ గారు. కింద చిన్న అక్షరాల్లో ఎవరూ వినని పోటీ పేరు. పెద్దవాళ్లు అక్కడ ఒక్క క్షణం ఆగి, "బాగానే ఉన్నట్టుందే" అనుకుని ఫీజు పేజీకి వెళ్లిపోతారు.

ఆ రెండు పేజీలను ఎలా చదవాలో ఈ వీడియోలో చూద్దాం. కాలేజీ లోపల పని ఎలా నడుస్తుందో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది, ఏం అడగాలో మనకు తెలిస్తే.

[స్క్రీన్ మీద: ముందు ఇది]

అవార్డుల కంటే ముందు చూడాల్సింది ఒకటుంది. మన దేశంలో 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయినవాళ్లే ఆర్కిటెక్ట్ అని పేరు ముందు పెట్టుకోవచ్చు. కాలేజీకి ఆ కౌన్సిల్ అనుమతి లేకపోతే ఐదేళ్లు చదివాక ఆ రిజిస్ట్రేషన్ దగ్గరే బండి ఆగిపోతుంది. అనుమతి ఉన్న కాలేజీల జాబితా కౌన్సిల్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. రెండు నిమిషాల పని. చూసేయండి, ముందుకు పోదాం.

[షాట్: డ్రాయింగ్ బోర్డు మీద చేతులు, స్కేలు, ట్రేసింగ్ పేపర్.]

బ్రోషర్లలో ఎక్కువగా కనపడే పేరు నాసా. అమెరికా వాళ్ల రాకెట్ల నాసా కాదండీ. మా అబ్బాయికి నాసా ట్రోఫీ వచ్చిందని పెళ్లిళ్లలో గర్వంగా చెప్పుకునే తండ్రులున్నారు, వినేవాళ్లు ఇస్రో వైపు వెళ్లిపోతారు. ఇది ఆర్కిటెక్చర్ విద్యార్థుల జాతీయ సంఘం, 1957లో మొదలైంది. దేశం నలుమూలల కాలేజీలు ఏటా ఇందులో పోటీ పడతాయి. ట్రోఫీలు చాలా ఉన్నాయి, ఒక్కో దానికి ఒక్కో రకం పని. నా మటుకు నేను లూయీ కాన్ ట్రోఫీకి ఎక్కువ బరువు ఇస్తాను. ఎందుకంటే అది డాక్యుమెంటేషన్‌కు ఇచ్చేది. పాత కట్టడం ఒకటి తీసుకుని, కొలిచి, గీసి, దాని కథ చెప్పాలి. కంప్యూటర్ ముందు కూర్చుని తయారుచేసే బొమ్మలతో ఈ పోటీ గెలవడం కుదరదు.

కొలవడమంటే టేపు పట్టుకుంటే చాలనిపిస్తుంది. దగ్గర నుంచి చూద్దాం.

[షాట్: పాత హవేలీ గది. ఇద్దరు విద్యార్థులు, మధ్యలో బిగువుగా లాగిన టేపు.]

పాత గదిలో మూలలు సరిగ్గా తొంభై డిగ్రీలు ఉండవు. నాలుగు గోడలూ కొలిచి కాగితం మీద గీస్తే, నాలుగో గోడ వెళ్లి మొదటి గోడకు కలవదు. గది మూసుకోదు. అందుకే మూల నుంచి ఎదురు మూలకు కూడా టేపు లాగాలి, రెండు వైపులా. అప్పుడు గది త్రికోణాలుగా విడిపోయి అసలు ఆకారం బయటపడుతుంది. నేల సమంగా ఉందా? దానికి మేస్త్రీల పద్ధతే: పారదర్శకంగా ఉండే సన్నటి పైపులో నీళ్లు నింపి, ఒక కొస ఈ గోడ దగ్గర, రెండో కొస ఆ గోడ దగ్గర పెడతారు. నీటి మట్టం రెండు చోట్లా ఒకటే కాబట్టి నేల ఎంత వాలిందో తెలిసిపోతుంది. గోడ నిటారుగా ఉందో లేదో దారానికి వేలాడదీసిన తూకం గుండు చెబుతుంది. లేజర్ మీటర్లు వచ్చాయి, పని తేలికైంది. అయినా పావురాల రెట్టల మధ్య నిలబడి, "నాలుగు పాయింట్ మూడు ఆరు" అని ఒకరు అరుస్తుంటే ఇంకొకరు రాసుకోవడం మాత్రం తప్పలేదు.

ఆ రాసుకున్న కాగితాలను ఫీల్డ్ షీట్లంటారు. మట్టి మరకలు, కొట్టివేతలు, బాణం గుర్తులు. ట్రోఫీ గెలిచామన్న కాలేజీలో ఈ ఫీల్డ్ షీట్లు చూపించమని అడగండి. ఉన్నవాళ్లు బీరువా తెరిచి మరీ చూపిస్తారు, పక్కన నిలబడి అరగంట కబుర్లు కూడా చెబుతారు.

[షాట్: కుతుబ్ షాహీ సమాధుల ఆవరణ, బడీ బావడి మెట్లు.]

ఈ కొలతలు ఎవరికి పనికొస్తాయంటే, మన ఊళ్లోనే జవాబు ఉంది. 2013 వానలకు కుతుబ్ షాహీ సమాధుల దగ్గరున్న బడీ బావడి అనే మెట్లబావి ఒక పక్క కూలిపోయింది. తర్వాత ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, రాష్ట్ర వారసత్వ శాఖ కలిసి దాన్ని మళ్లీ నిలబెట్టాయి. ఈ సమాధుల ఆవరణలో గత కాలపు మరమ్మతుల్లో పూసిన సిమెంటు తీసేసి డంగు సున్నం వాడారు. 2022లో గోల్కొండ మెట్లబావులకు యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది. అదే ఏడాది మన దోమకొండ కోటకూ ఒకటి వచ్చింది. కూలిన గోడను తిరిగి కట్టేటప్పుడు ఏ రాయి ఎక్కడ ఉండేదో, వంపు ఎక్కడ మొదలయ్యేదో చెప్పేవి కొలతలు, ఫొటోలే. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్లబావి కూడా ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయి ఉండేది. హైదరాబాద్ ఆర్కిటెక్ట్ కల్పనా రమేశ్ బృందం, జీహెచ్‌ఎంసీ కలిసి దాన్ని బాగుచేయించాయి. 2022 డిసెంబరులో జనానికి తెరిచారు. ఇలాంటి పనులకు చేతులు తయారయ్యేది ఆ టేపు లాగే రోజుల్లోనే.

[స్క్రీన్ మీద: థీసిస్, జ్యూరీ]

ఇక థీసిస్ అవార్డులు. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుల్లో మంచివాటికి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ జాతీయ పురస్కారాలు ఇస్తుంది. ముందు జోన్ల వారీగా వడపోత, తర్వాత జాతీయ స్థాయి. ఇందులో పేరు కనపడితే ఆగి చూడండి, ఎందుకంటే ఇది ఒక్క విద్యార్థి నెలల తరబడి ఒంటరిగా మోసిన పని.

ఆ పనిని పరీక్షించే జ్యూరీ ఎలా ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. విద్యార్థి గోడ నిండా షీట్లు అంటిస్తాడు. టేబుల్ మీద సన్‌బోర్డ్ మోడల్, గమ్ ఇంకా ఆరి ఉండదు. రాత్రి నిద్ర లేదని కళ్లే చెబుతాయి. బయటి నుంచి వచ్చిన జ్యూరర్ రంగురంగుల త్రీడీ బొమ్మను దాటేసి, మూలనున్న సెక్షన్ డ్రాయింగ్, అంటే భవనాన్ని నిలువుగా కోసి చూపించే బొమ్మ, దగ్గరికి వెళ్తారు. మెట్ల మీద వేలు పెట్టి, "ఇక్కడ బీమ్ ఉంది కదమ్మా, ఎక్కేవాడి తల ఎక్కడుంటుంది?" అంటారు. అంతే. గది నిశ్శబ్దం. గైడ్ మధ్యలో అందుకోవడానికి లేదు, నోరు కట్టేసుకుని కూర్చోవాల్సిందే. అలాంటి ప్రశ్న ఎదుర్కొని, షీటు మళ్లీ గీసి తెచ్చిన థీసిస్‌కు అవార్డు వస్తే, అందులో కాలేజీ వాటా కూడా నిజంగా ఉన్నట్టే.

సోలార్ డెకథ్లాన్ ఇండియా అనే పేరు కూడా కనపడుతుంది. 2020లో మొదలైంది. ఏడాదిలో వాడుకున్నంత కరెంటు తనే తయారుచేసుకునే భవనాన్ని డిజైన్ చేయాలి, అదీ నిజంగా కట్టబోయే ప్రాజెక్టు మీద, ఇంజినీరింగ్ పిల్లలతో కలిసి. ఫైనల్‌కు వెళ్లారంటే లెక్కలు చేసినట్టే.

డబ్బు కట్టి రిజిస్టర్ చేసుకునే ఆన్‌లైన్ అంతర్జాతీయ పోటీల సంగతి వేరు. కొన్ని మంచివే. కానీ "ప్రత్యేక ప్రస్తావన" అని డజన్ల కొద్దీ సర్టిఫికెట్లు పంచేవీ ఉన్నాయి. ఎంతమంది పాల్గొన్నారు, జ్యూరీలో ఎవరు అని అడిగితే తేలిపోతుంది.

[షాట్: స్టాఫ్ రూమ్ అర, ఫైళ్లు, కుండీలో మనీప్లాంట్.]

అధ్యాపకుల పేజీకి వద్దాం. ఈ మధ్య అక్కడ మోత మోగుతున్న మాట పేటెంట్. జాగ్రత్తగా చదవండి: "పేటెంట్ పబ్లిష్డ్" అని ఉందా, "గ్రాంటెడ్" అని ఉందా? దరఖాస్తు పెడితే చాలు, మామూలుగా పద్దెనిమిది నెలలకు అది పేటెంట్ ఆఫీసు పత్రికలో అచ్చవుతుంది, రుసుము కడితే ఇంకా ముందే. పరీక్షించి ఇచ్చేది గ్రాంట్, దానికి దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ల రక్షణ. ఇంకోటి డిజైన్ రిజిస్ట్రేషన్. 2000 సంవత్సరపు డిజైన్స్ చట్టం కింద వస్తువు పైకి కనిపించే రూపానికి మాత్రమే ఇస్తారు. పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదు. డిజైన్ టీచర్‌కు అది గౌరవమైన విషయమే. కానీ దాన్ని పేటెంట్ పద్దులో రాస్తే మీరు కనిపెట్టాలి.

పోచంపల్లి వైపు చూస్తే ఈ మాటకు అసలు కొలబద్ద దొరుకుతుంది.

[షాట్: ఆసు యంత్రం మీద తిరుగుతున్న దారం.]

చింతకింది మల్లేశం. ఇక్కత్ చీర నేయడానికి ముందు ఆసు పోయాలి. దారాన్ని మేకుల మధ్య అటూ ఇటూ తిప్పుతూ ఒక్కో చీరకు వేల సార్లు చెయ్యి ఆడించాలి. ఇంటి ఆడవాళ్ల భుజాలు పడిపోయేవి. వాళ్లమ్మ అవస్థ చూడలేక ఆయన ఆసు యంత్రం తయారుచేసి, ఆమె పేరే పెట్టారు: లక్ష్మీ ఆసు యంత్రం. గంటల పని బాగా తగ్గింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన డిజైన్ కాలేజీ మెట్లెక్కలేదు, బడి చదువే మధ్యలో ఆగింది. పేటెంట్ కాగితం చూపించే సారును నేనైతే ఒక్కటే అడుగుతాను: ఇది ఎవరింట్లో పనిచేస్తోంది సార్?

డిజైన్ విద్యార్థుల చేనేత ప్రాజెక్టులకూ ఇదే వర్తిస్తుంది. ఇక్కత్‌లో ముందు నూలుకు ముడులు కట్టి రంగులద్ది ఆ తర్వాత నేస్తారు. కంప్యూటర్‌లో పువ్వును కొంచెం పక్కకు జరపడం ఒక్క క్లిక్కు. మగ్గం దగ్గర అదే మార్పుకు నూలు మళ్లీ కట్టుకోవాలి. కట్టిన మనిషి పేరు ప్రాజెక్టు పుస్తకంలో ఎక్కడైనా ఉందా, కూలి ఎవరిచ్చారు? అడగండి, మొహమాటం అక్కర్లేదు.

పరిశోధన పత్రాల సంఖ్యతో నాకు పెద్దగా పేచీ లేదు, ఉద్వేగమూ లేదు. ప్రమోషన్లకు అవి కావాలి, రాస్తారు. ఈ చదువులో నేను ముఖ్యంగా చూసేది, పాఠం చెప్పేవాళ్ల చేతిలో కడుతున్న పని కూడా ఉందా అన్నది. అహ్మదాబాద్‌లో 1962లో ఆర్కిటెక్చర్ స్కూల్ పెట్టిన ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి చివరిదాకా రెండూ వదల్లేదు. 2018లో ఆర్కిటెక్చర్‌లో అతి పెద్దదిగా చెప్పుకునే ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్నారు, అది అందిన మొదటి భారతీయుడు ఆయనే.

[షాట్: మాసాబ్ ట్యాంక్ క్యాంపస్ చెట్లు, శిల్పాలు.]

కొన్ని విజయాలు ఏ ఏడాది జాబితాలోనూ పట్టవు. ఇక్కడి జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ 2008లో జేఎన్‌టీయూ నుంచి విడిగా ఏర్పడింది, కానీ దాని వెనకున్న కళాశాల నిజాం కాలం నాటిది. చిత్రకారుడు కె. లక్ష్మా గౌడ్ హైదరాబాద్‌లోని ఆ కళాశాల విద్యార్థే. అరవైల్లో చదివారు, పద్మశ్రీ 2016లో వచ్చింది. అందుకే పాత విద్యార్థులు ఇప్పుడేం చేస్తున్నారని అడగడం పోయిన ఏడాది కప్పుల లెక్క కంటే మేలు.

[స్క్రీన్ మీద: క్యాంపస్‌కు వెళ్లినప్పుడు]

సెమిస్టర్ చివర వెళ్లండి. డిజైన్ క్లాసు జరిగే స్టూడియోలో షీట్లు, మోడళ్లు అప్పుడే బయట ఉంటాయి. గెలిచిన ఎంట్రీలతో పాటు ఓడిపోయినవీ చూపించమనండి. తర్వాత బ్రోషర్‌లో ట్రోఫీ పక్కనున్న సంవత్సరం చూసి, ఆ టీమ్‌ను నడిపిన గైడ్ ఎవరో అడగండి. ఆ సారో, మేడమో ఇప్పుడు ఏ సంవత్సరం పిల్లలకు స్టూడియో తీసుకుంటున్నారో కనుక్కోండి. మానేశారంటే ఎప్పుడు మానేశారు, వాళ్ల స్థానంలో ఎవరొచ్చారు, ఆ కొత్తవాళ్ల పని ఏమిటి అన్నది కూడా అక్కడే, ఫీజు కౌంటర్ దగ్గరికి వెళ్లకముందే అడిగేయండి.