ఎవరూ చూడని చోట పుట్టిన దండు

శ్రోతలకు నమస్కారం.

మిడత అనగానే ముందు గుర్తొచ్చేది మిడతంభొట్లు. రాజుగారి గుప్పిట్లో ఏముందో చెప్పలేక "మిడతంభొట్లూ, చిక్కావురా" అని తనలో తను గొణుక్కుంటాడు. తీరా గుప్పిట విప్పితే నిజంగానే మిడత! గండం గడిచింది. ఇవాళ నేను మాట్లాడబోయేదీ ఒక రకంగా మిడత జోస్యమే. అయితే ఇందులో అదృష్టం పాలు తక్కువ, కాలినడక పాలు ఎక్కువ.

ఎడారి మిడత సంగతి. పశ్చిమ ఆఫ్రికా నుంచి భారత్, పాకిస్తాన్ సరిహద్దు దాకా పరుచుకున్న ఎండు నేలలే దాని ఇల్లు. మామూలు రోజుల్లో అదొక బిడియస్తురాలు. ఇసుక రంగులో కలిసిపోయి ఉంటుంది, రాత్రిపూట ఎగురుతుంది, ఇంకో మిడత ఎదురుపడితే పక్కకు తప్పుకుంటుంది. దేశాల పంటలు ఊడ్చేసేది ఇదేనా అనిపిస్తుంది. ఒంటరిగా తిరిగే మిడత వేరు, దండులో వచ్చే మిడత వేరు అని శాస్త్రజ్ఞులే చాలాకాలం అనుకున్నారు. 1921లో బోరిస్ ఉవరోవ్ అనే కీటక శాస్త్రవేత్త దీని దాయాది అయిన వలస మిడతను పరిశీలించి, రెండూ ఒకటే జాతి, వేషాలే రెండు అని చెప్పాడు. ఎడారి మిడత విషయంలోనూ అదే నిజమని తర్వాత తేలింది.

మరి వేషం మారేదెట్లా? కాలు తగిలి. అవును, కాలు తగిలితేనే. మిడత వెనక కాళ్ల తొడ భాగాన్ని చిన్న కుంచెతో పదేపదే తాకుతూ ప్రయోగాలు చేశారు. కొన్ని గంటల్లోనే, మనిషిని చూస్తే మొహం తిప్పుకునే మనిషిలాంటి ఆ మిడత సాటి మిడతల వైపు నడవడం మొదలుపెట్టింది. లోపల సెరొటోనిన్ అనే రసాయనం పెరగడమే కారణమని 2009లో తేల్చారు. మన మెదడులోనూ ఉండే సెరొటోనినే. నాకు ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నవ్వొచ్చింది, తర్వాత కొంచెం భయం వేసింది.

కాళ్లు ఎప్పుడు తగులుతాయి? అందరూ ఒకే చోట ఇరుక్కున్నప్పుడు. ఎప్పుడు ఇరుక్కుంటారు? చాలామంది అనుకున్నట్టు వాన పడ్డప్పుడు కాదు. వాన వాటిని పెంచుతుంది. ఆ తర్వాత నేల ఆరుతూ, పచ్చదనం అక్కడో గుత్తి ఇక్కడో గుత్తిగా మిగిలినప్పుడు పెరిగిన మిడతలన్నీ ఆ గుత్తుల మీదికే చేరతాయి. అక్కడ కాలూ కాలూ తగులుతాయి. పెంచేది తడి, కలిపేది ఎండ.

ఇప్పుడు అసలు కథ. 2018 నాటిది.

అరేబియా ద్వీపకల్పం దక్షిణాన రబ్ అల్ ఖాలీ అని మహా ఎడారి ఉంది. ఖాలీ అంటే మనం రోజూ వాడే ఖాళీయే, ఆ మాట మనకు అరబ్బీ నుంచి వచ్చిందే. పేరుకు తగ్గట్టు ఖాళీ నేల. సౌదీ అరేబియా, ఒమన్, యెమెన్, ఎమిరేట్స్ నాలుగూ కలిసే చోట ఇసుక దిబ్బలు తప్ప ఇంకేమీ కనిపించదు. ఆ ఏడాది మే నెలాఖరులో మెకును అనే తుఫాను ఒమన్ తీరం దాటి లోపలికి వచ్చింది. దిబ్బల మధ్య చెరువులు నిలిచాయి. ఇసుకలో మొక్కలు మొలిచాయి. మిడతకు కావలసింది సరిగ్గా అదే: గుడ్లు పెట్టడానికి తడి ఇసుక, పుట్టిన పిల్లలకు పచ్చటి ఆకు. ఆడ మిడత తోక భాగాన్ని ఇసుకలోకి దించి, జానెడు లోపు లోతులో గుడ్ల గుత్తి పెట్టి వెళ్లిపోతుంది. పెట్టింది. ఎవరూ చూడలేదు.

ఆ తడి ఆరిపోయి ఉంటే కథ అక్కడే ముగిసేది. కానీ అక్టోబరులో లుబాన్ అనే రెండో తుఫాను వచ్చి, ఆరబోతున్న నేలను మళ్లీ తడిపింది. మిడతకు ఒక తరం అంటే ఇంచుమించు మూడు నెలలు. అనుకూలిస్తే తరానికి 20 రెట్లు పెరుగుతుంది. మొదటి తరానికి 20 రెట్లు. రెండో తరానికి 400. మూడో తరానికి 8,000. తొమ్మిది నెలల్లో 8,000 రెట్లు! ఎవరూ చూడలేదు. దారీ డొంకా లేని ఇసుక, చూడటానికి ఎవరు వెళతారు?

2019 మొదట్లో అక్కడి నుంచి దండులు లేచాయి. కొన్ని ఇరాన్ మీదుగా తూర్పుకు, పాకిస్తాన్, రాజస్థాన్ ఎడారుల వైపు. కొన్ని దక్షిణాన యెమెన్‌కు. యెమెన్‌లో అప్పటికి యుద్ధం సాగుతోంది. మందు చల్లే బృందాలు చాలా చోట్లకు పోలేకపోయాయి. మిడతల దండుకు కారణాలేమిటని పుస్తకాల్లో రాసేటప్పుడు వాన, గాలి, ఉష్ణోగ్రత అని రాస్తారు. నన్నడిగితే యుద్ధాన్ని కూడా అదే వరసలో రాయాలి. అక్కడ పెరిగిన దండులు సముద్రం దాటి సోమాలియా, ఇథియోపియాల్లో దిగాయి. ఆ ఏడాది హిందూ మహాసముద్రం పడమటి భాగం బాగా వేడెక్కి తూర్పు ఆఫ్రికాలో విపరీతంగా వానలు కురిశాయి. డిసెంబరులో సోమాలియాలో పవన్ అనే తుఫాను కూడా వచ్చింది. ఏడాది చివరికి దండులు కెన్యాలో ఉన్నాయి. డెబ్బై ఏళ్లలో కెన్యా అంత పెద్ద దాడి చూడలేదు.

ఈసారి మాత్రం అందరూ చూశారు. చూసి చేసేదేముంది? చదరపు కిలోమీటరు దండులో 8 కోట్ల మిడతల దాకా ఉండొచ్చు. ఒక్కొక్కటీ రోజుకు తన బరువంత, అంటే రెండు గ్రాములు తింటుంది. రెండు గ్రాములేగా అనకండి. ఆ చదరపు కిలోమీటరు దండు ఒక్క రోజులో తినేది 35,000 మంది ఒక రోజు తిండితో సమానం. కెన్యా ఈశాన్యంలో అప్పుడు కనిపించిన ఒక దండు 40 కిలోమీటర్ల వెడల్పు, 60 కిలోమీటర్ల పొడవు. లెక్క మీరే వేసుకోండి. పొలంలో గింజ పోతే మనిషికి ఆకలి, మేత పోతే పశువుకు ఆకలి. పశువులనే నమ్ముకుని బతికేవాళ్లకు ఆ రెండోదే పెద్ద దెబ్బ. జనం డబ్బాలు మోగిస్తారు, పొగ పెడతారు, కేకలు వేస్తారు. దండు లేస్తుంది, పక్క పొలంలో వాలుతుంది. గాలి వాలున రోజుకు 100, 150 కిలోమీటర్లు పోయే పురుగును డబ్బా మోత ఎంతదూరం తరుముతుంది? విమానాలతో మందు చల్లొచ్చు, చల్లారు కూడా. కానీ ఆ మందు తేనెటీగను వదలదు. మిడతల్ని మాత్రమే పట్టే ఒక బూజును కూడా మందుగా వాడుతున్నారు. మంచి పద్ధతే, కాకపోతే చంపడానికి రోజులు పడుతుంది. అందుకే అది ఎగిరే దండుకంటే పిల్ల మిడతల మీదే ఎక్కువ అక్కరకొస్తుంది.

సమయం తక్కువ ఉంది కాబట్టి ఈ పిల్ల మిడతల మాట ఒక్కటే చెబుతాను. గుడ్డు పగిలి బయటికొచ్చాక ఎడారి మిడతకు ఇంచుమించు నెల రోజులు రెక్కలుండవు. నెల రోజులు ఎగరలేదు! గుంపుకట్టినవైతే పసుపు మీద నలుపుతో ఉంటాయి, బారులు తీరి నేల మీద నడుస్తాయి. ఆ నడక చూస్తే క్రమశిక్షణ అనుకుంటాం. వెనక వచ్చేది ఎక్కడ కొరుకుతుందో అని ముందున్నది నడుస్తుందని పరిశోధనల్లో తేలింది. మిడత మిడతను తింటుంది మరి. ఏదైతేనేం, ఆ నెల రోజులూ అవి నేల మీదే ఉంటాయి. దండును ఆపగలిగేది అప్పుడే.

అయితే అవి ఎక్కడున్నాయో తెలియాలి. వాన ఎక్కడ పడిందో, నేల ఎక్కడ పచ్చబడిందో ఉపగ్రహం చెబుతుంది. మిడత ఉందో లేదో చెప్పదు. దానికి మనిషే వెళ్లాలి. ఎడారి మిడత తిరిగే దేశాల్లో ఇదే పనిగా తిరిగే సర్వే బృందాలున్నాయి. జీపులో పోతారు, పచ్చదనం కనిపించిన చోట ఆపుతారు, దిగి పొదల మధ్య నడుస్తారు. అడుగుల చప్పుడుకు ఎన్ని మిడతలు లేచాయో లెక్కపెట్టి చేతిలోని టాబ్లెట్‌లో రాస్తారు. అది ఉపగ్రహం ద్వారా వెళ్లి, చివరికి రోమ్‌లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థకు చేరుతుంది. వాళ్ల జోస్యానికి ఆధారం అదే. చాలా రోజులు ఒక్క మిడతా లేవదు. అప్పుడు గడిలో సున్నా వేస్తారు. ఆ సున్నా కూడా రోమ్‌కు వెళుతుంది.

నమస్కారం.