సెల్లార్ కుళాయికి తాళం తీయండి

(విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలోని ఒక అపార్ట్‌మెంట్‌లో ఆయుధపూజ ముందురోజు సాయంత్రం చేసిన ప్రసంగం)

అధ్యక్షులకు, కార్యదర్శి గారికి, కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్న తల్లులకు, వెనక కార్ల మధ్య నిలబడి వింటున్న వాచ్‌మెన్ గారికీ వారి కుటుంబానికీ నమస్కారం. నన్ను పరిచయం చేసిన పెద్దాయన చాలా మంచి మాటలు చెప్పారు. అందులో సగం తీసేయండి. ఆటోనగర్‌లో కార్లకు రంగులు వేసేవాణ్ణి, అంతే. ‘రేపు పూజ కదా, కార్లు మెరిసేలా ఉంచుకోవడం ఎలాగో పది నిమిషాలు చెప్పండి’ అని పిలిచారు. చెబుతాను. చెప్పాల్సింది ఇంకొకటి కూడా ఉంది. అది ఎక్కడ బయటపడుతుందో నాకే తెలియదు, ఓపిక పట్టండి.

రేపు తెల్లవారకముందే ఇక్కడ పాత లుంగీలూ చిరిగిన బనియన్లూ బయటికి వస్తాయి. బొట్టు పెట్టేలోగా బానెట్ తళతళలాడాలి కదా. ఆ బానెట్ మీద రాత్రి పడిన ధూళి ఏమిటో ఎప్పుడైనా ఆలోచించారా? మన ఊరి ధూళి మామూలుది కాదు. బీచ్ రోడ్డు ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజం. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో, వజ్రానికి 10 అయితే, దానికి 7. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల నుంచి వచ్చేదీ ఇసుకే. ఇక ఛత్తీస్‌గఢ్ కిరండూల్ రైలు లైను మీదుగా ఇనుప ఖనిజం వచ్చే ఊరు మనది, బొగ్గు దిగే రేవు మనది. జ్ఞానాపురం వైపు బంధువులున్నవాళ్ళకు కిటికీ ఊచల మీది నల్లటి పొడి గురించి నేను చెప్పనక్కరలేదు. వీటన్నిటి మీదా సముద్రపు గాలి ఉప్పుతేమ పూస్తుంది. దాని మీద పొడిగుడ్డ వేసి రుద్దడమంటే కారుకు ఉప్పుకాగితం పట్టడమే.

రుద్దేది దేని మీదో కూడా తెలియాలి. ఫ్యాక్టరీ రంగు మొత్తం మందం చాలా కార్లకు 100 నుంచి 150 మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాను. అడుగున తుప్పు ఆపే పూత, దాని మీద ప్రైమరు, ఆపైన మీరు ముచ్చటపడి ఎంచుకున్న రంగు, అన్నిటికంటే పైన రంగులేని క్లియర్ కోట్. మెరిసేది ఆ చివరి పొరే. అది సుమారు 40 మైక్రాన్లు, తలవెంట్రుక మందం కూడా ఉండదు. సన్నగీతలు పడేది అందులోనే. పాలిష్ చేయడమంటే గీతను పూడ్చడం కాదండీ, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న పొరను అరగదీయడం. ఒకసారి గట్టిగా రబ్బింగ్ చేయిస్తే రెండు మూడు మైక్రాన్లు పోతాయి. పోయినది తిరిగి రాదు. ఏటా దసరాకోసారి, సంక్రాంతికోసారి పాలిష్ చేయించేవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చూశారా, ముందు వరసంతా ఎత్తింది.

ఇప్పుడు ఒక సంగతి. ఇది చెప్పడానికే వచ్చానేమో కూడా.

వేరే కాలనీ నుంచి ఒకాయన నల్లటి సెడాన్ వేసుకుని మా షెడ్డుకు వచ్చారు. పక్క సీటులో వాళ్ళ అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్. దిగీ దిగగానే, ‘వీడు నా కారంతా గీతలు పెట్టాడు, పాలిష్‌కు ఎంతవుతుందో చెప్పండి, వీడి జీతంలోంచి కోస్తాను’ అన్నారు. ఆ వాచ్‌మెన్ వయసులో ఆయన కంటే పెద్దవాడు. శ్రీకాకుళం వైపు మనిషి. తలెత్తలేదు.

కారును లోపల నీడలోకి పెట్టించి లైటు వేశాను. దీపం చుట్టూ గుండ్రంగా, వలయాల్లా గీతలు. ‘చూశారా, గుడ్డ గుండ్రంగా తిప్పి తుడిచాడు’ అన్నారాయన. లైటు పక్కకు జరిపాను. వలయాలూ లైటుతోపాటే జరిగాయి. నిజానికి గీతలు అన్ని దిక్కులా ఉంటాయి. వెలుతురుకు అడ్డంగా పడినవే మన కంటికి మెరుస్తాయి, అందుకే దీపం చుట్టూ గుండ్రంగా అనిపిస్తాయి. వాటిని చూసి ఎవరు ఎలా తుడిచారో చెప్పలేం. కొన్ని మాత్రం చెప్పవచ్చు. తలుపు పిడి వెనక గుంటలో ఉన్నవి గోళ్ళవీ ఉంగరాలవీ. ఆయన చేతికి రెండు ఉంగరాలున్నాయి. రూఫ్ నడిమధ్యన కూడా గీతలున్నాయి. ఆ వాచ్‌మెన్ మునివేళ్ళ మీద నిలబడినా అక్కడికి చెయ్యి అందదు. ఇక బానెట్‌ను ఎండలోకి తెస్తే, చూపు కదిలినప్పుడల్లా నీడల్లా కదిలే చారలు. అవి గుడ్డవి కానే కావు, ఒకేవైపు గిర్రున తిరిగే బఫింగ్ మెషిన్‌ను తెలియనివాడు పట్టుకుంటే పడేవి. ‘పాలిష్ ఎక్కడ చేయించారు?’ అని అడిగాను. సంక్రాంతికి చేయించారట, అద్దంలా వచ్చిందట. వస్తుంది. గీతల్లో నూనెలాంటి గ్లేజ్ నింపి పంపితే అద్దంలాగే వస్తుంది. నాలుగు కడుగులకు అది కరిగిపోయి, అడుగున ఉన్నవన్నీ బయటపడతాయి. అప్పుడు చేతిలో గుడ్డతో ఎవరు కనిపిస్తే వాళ్ళే దొంగ.

మందం కొలిచే గేజి పెట్టి చూపించాను. రూఫ్ మీద 118 మైక్రాన్లు. బానెట్ అంచు దగ్గర 84. ‘ఇంకొకసారి అక్కడ మెషిన్ పెడితే క్లియర్ కోట్ పోయి కింది రంగు బయటపడుతుంది, నేను పెట్టను’ అన్నాను. ఆయన మాట్లాడలేదు. డబ్బయితే కోయలేదు. కానీ నెల తిరగకముందే ఆ వాచ్‌మెన్‌ను పనిలోంచి తీసేశారని తెలిసింది. కారణం వేరే ఏదో చెప్పారట.

అయ్యా, కార్లున్న మిమ్మల్ని అడుగుతున్నాను. ఈ సెల్లార్‌లో పొద్దున్నే పది పదిహేను కార్లు తుడిచే మనిషికి మీరు ఇచ్చిందేమిటి? ఒక బకెట్టు. ఆ ఒక్క బకెట్టు నీళ్ళతోనే మొదటి కారు నుంచి చివరి కారు దాకా. నాలుగో కారుకే అది బురద. కార్యదర్శి గారు నొచ్చుకోవద్దు, వచ్చేటప్పుడు చూశాను, ఆ మూల కుళాయికి తాళం వేసి ఉంది. నీళ్ళ కరువు నాకు తెలుసు. హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 అక్టోబరులో కరెంటు లేక, మోటార్లు తిరగక ఊరంతా బిందెలు పట్టుకుని నిలబడింది. ఇసుకా ఆకు తునకలూ అతుక్కున్న కార్లను చాలామంది పొడిగుడ్డతోనే తుడిచారు. వాటిలో కొన్నిటికి నేనే మళ్ళీ రంగు వేశాను. అది తప్పని రోజులు. ఇప్పుడు మోటారు తిరుగుతోంది, కుళాయి మాత్రం తిరగదు.

సరే, పద్ధతి చెబుతాను. వారానికి ఒక్కసారి కడిగితే చాలు, రోజూ తుడవడం మానేయండి. దుమ్ము ఊరికే కూర్చుంటే గీత పడదు, రుద్దితేనే పడుతుంది. ముందు నీళ్ళు చల్లి ఇసుకను జారనివ్వండి. తరవాత రెండు బకెట్లు, ఒకటి కారు షాంపూది, ఒకటి ఉత్త నీళ్ళది. మైక్రోఫైబర్ గుడ్డను షాంపూలో ముంచి ఒక పలక తుడిచి, ఉత్త నీళ్ళలో జాడించి, మళ్ళీ షాంపూలో ముంచాలి. రూఫ్ నుంచి కిందికి రావాలి, చక్రాలకు వేరే గుడ్డ. నేల మీద పడిన గుడ్డ ఉతికేదాకా కారు ముట్టకూడదు. అంట్లు తోమే సబ్బు వాడితే ఉన్న మైనపు పూత కూడా పోతుంది. ఎండలో కడిగి వదిలేస్తే బోరు నీళ్ళు ఉప్పు మచ్చలు కడతాయి, కాబట్టి నీడలో కడిగి మెత్తటి తువ్వాలుతో అద్దండి, లాగకండి. మురికి కారు మీద కవరు వేయకండి. బీచ్ గాలికి ఆ కవరు రాత్రంతా రుద్దుతూనే ఉంటుంది.

పడిన గీతల మాట. గోటికి తగిలే గీత పాలిష్‌తో పోదు, టచప్ చేయాలి. గోటికి తగలనివి పోతాయి. ముందు కొద్దిచోట సన్న పాలిష్ పెట్టి చూడాలి, అది చాలకపోతేనే గరుకు పాలిష్ అయిన కాంపౌండ్. మెషిన్ అయితే అటూ ఇటూ ఊగుతూ తిరిగేది మేలు, దానికి వేడి తక్కువ. పని అయ్యాక ఆల్కహాల్‌తో తుడిపించి, మీ ఎదుటే లైటు వేయమనండి. గ్లేజ్‌తో మాయ చేస్తే అక్కడే తెలిసిపోతుంది. టూత్‌పేస్టు, కిరసనాయిలు వంటింట్లోనే ఉంచండి. రంగు మీద సిరామిక్ కోటింగ్ అనే గట్టి పూత వేసేవాళ్ళు దాని గట్టిదనం 9హెచ్ అంటారు, అది పెన్సిల్ గీత పరీక్ష లెక్క, ఇందాకటి వజ్రం లెక్క కాదు. కడగడం సులువవుతుంది, అంతవరకు మంచిదే. ఇసుకతో రుద్దితే దాని మీదా గీత పడుతుంది.

రేపటి పూజకు పసుపు కుంకుమలు అద్దం మీద పెట్టండి, అమ్మవారు కోప్పడదు. ఎండిపోయాక గోకవద్దు, తడిపి తీయండి. దండకు తీగ కట్టి బానెట్ మీద వేలాడదీయవద్దు.

ఇక నా కోరిక. సభ ముగిసేలోగా మినిట్స్‌లో రాయించండి, పొద్దున ఆరింటి నుంచి ఏడున్నర దాకా కుళాయి తెరిచి ఉండాలి, ప్రతి కారుకు యజమానే రెండు గుడ్డలు కొని ఇవ్వాలి, గీత పడిందని ఎవరి జీతమూ కోయకూడదు. కార్యదర్శి గారు తల ఊపుతున్నారు. తల ఊపడం చాలదండీ, రాయాలి.

లైటు తెచ్చాను. ఎవరి కారు ముందు చూడమంటారో రండి. తెల్లకార్ల వాళ్ళు అలా నవ్వుతూ కూర్చోకండి, మీవాటికీ ఉన్నాయి, కనిపించడం లేదంతే.