ఇనుమునే కాల్చే ఆక్సిజన్

శ్రోతలకు నమస్కారం.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత లారీలను ముక్కలు చేసే గ్యాస్ కటింగ్ పని మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ మంట ఇనుమును కరిగిస్తోందని అనుకుంటాం. నిజానికి అక్కడ ఇనుము కాలుతోంది. నాజిల్ చుట్టూ ఉండే చిన్న మంటలు ముందు దాన్ని 900 డిగ్రీలకు అటూ ఇటూగా, ఎర్రబడేదాకా వేడి చేస్తాయి. అప్పుడు మీట నొక్కితే నడిమి రంధ్రంలోంచి ఆక్సిజన్ ధార దూసుకొస్తుంది. ఆ ధారలో ఇనుము ఎండు కట్టెలా అంటుకుని, కాలిన మడ్డి కిందికి రాలిపోతుంది.

ఇనుమునే కాల్చే ఆక్సిజన్‌కు ఒంటి మీది చొక్కా ఒక లెక్కా?

గ్యాస్ సిలిండర్ అంటే అందరికీ భయమే. పక్కనున్న నల్లటి ఆక్సిజన్ సిలిండర్‌ను మాత్రం "అందులో ఉన్నది గాలే కదా" అని తేలిగ్గా తీసుకుంటారు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది అదే. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. అది 23 దాటిందంటే ప్రమాదంలో ఉన్నట్టే. మామూలుగా నిదానంగా కాలే బట్ట, జుట్టు కూడా అప్పుడు భగ్గుమంటాయి. 1967 జనవరి 27న అమెరికాలో అపోలో 1 వ్యోమనౌకను నేల మీద పరీక్షిస్తుండగా మంటలు లేచి ముగ్గురు వ్యోమగాములు చనిపోయారు. ఆ గది నిండా ఉన్నది స్వచ్ఛమైన ఆక్సిజనే.

అందుకే పని ముగిశాక ఆక్సిజన్ పైపుతో బట్టల మీది దుమ్ము ఊదుకునే అలవాటును దయచేసి ఈ రోజే మానేయండి. ఆక్సిజన్ బట్టల పోగుల్లో చాలాసేపు నిలిచి ఉంటుంది. ఆ తర్వాత వెలిగించే ఒక్క బీడీ చాలు. ఉక్కపోస్తోందని ట్యాంకుల్లో, గుంటల్లో చల్లగాలి కోసం ఆక్సిజన్ వదలడం ఇంకా ఘోరం. అలాంటి చోట గాలి కావాలంటే బ్లోయర్ పెట్టాలి.

రెండోది గ్రీజు. మెకానిక్ షెడ్డులో చేతికి నూనె అంటకుండా ఉండదు. ఆ చేతులతోనే రెగ్యులేటర్ బిగిస్తారు. నిండు ఆక్సిజన్ సిలిండర్‌లో పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 150 కిలోలు. వాల్వ్‌ను ఒక్కసారిగా తిప్పితే రెగ్యులేటర్‌లోకి దూకే గ్యాస్ నొక్కుకుపోయి విపరీతంగా వేడెక్కుతుంది. అక్కడ నూనె జాడ ఉంటే నిప్పురవ్వతో పనిలేకుండానే అంటుకుంటుంది. చేతులు శుభ్రంగా కడుక్కుని, రెగ్యులేటర్‌కు ఎదురుగా కాకుండా పక్కగా నిలబడి, కీని మెల్లగా తిప్పండి.

ఇక మండే గ్యాసుల సంగతి. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది, లీకైతే గుంటల్లోకి, డ్రైనేజీలోకి చేరుతుంది. లీకు చూడటానికి సబ్బునీళ్లే వాడాలి, అగ్గిపుల్ల కాదు. కటింగ్‌కు వాడే మరో మండే గ్యాస్ అసిటలీన్. దాని సిలిండర్‌ను ఎప్పుడూ నిలబెట్టే వాడాలి. రెగ్యులేటర్ నుంచి పైపులోకి వెళ్లే అసిటలీన్ పీడనం చదరపు సెంటీమీటరుకు 1 కిలో దాటనివ్వకూడదు. దాటితే ఆక్సిజన్ తోడు లేకుండానే పేలగలదు.

చేత్తో పట్టుకుని కోసే పనిముట్టు, అంటే టార్చ్‌లో టప్‌మని శబ్దం వచ్చి మంట లోపలికి పోయి, ఈల వేసినట్టు చప్పుడు వస్తే టార్చ్ మీది ఆక్సిజన్ వాల్వ్‌ను ముందు కట్టేయండి, వెంటనే గ్యాస్ వాల్వ్. ఆ మంట పైపులు దాటి సిలిండర్ వైపు వెళ్లకుండా ఆపేది ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్. రెండు పైపులకూ అది ఉండాలి. పాత పైపులకు వైరు చుట్టి నెట్టుకొచ్చే యజమానులకు నా విన్నపం ఒక్కటే: ముందు వాటిని మార్చండి.

మూతపెట్టిన డ్రమ్మును, పాత డీజిల్ ట్యాంకును "ఖాళీదే" అన్న మాట నమ్మి కోయకండి. అడుగున మిగిలిన తడి ఆవిరైతే ట్యాంకంతా పేలుతుంది. వాటిని శుభ్రం చేసి, గ్యాస్ లేదని పరికరంతో చూసి రాసిచ్చేవాళ్లు ఉంటేనే ముట్టుకోవాలి.

కటింగ్ రవ్వలు 10 మీటర్ల దాకా ఎగిరిపడతాయి. గోనెసంచుల్లో, రంపపు పొట్టులో పడ్డ రవ్వ లోలోపల రాజుకుని, అందరూ ఇంటికి వెళ్లాక పైకి లేస్తుంది. పని ఆగాక కనీసం అరగంట, వీలైతే గంటసేపు ఒక మనిషి అక్కడ నీళ్లు, అగ్నిమాపక సిలిండర్ దగ్గర పెట్టుకుని కాపలా ఉండాలి. ఆ గంటకు కూడా కూలి లెక్కగట్టి ఇవ్వాలి.