అడవి చేసే మేలు ఎంత దూరం వెళ్తుంది?

సభకు నమస్కారం.

అడవులు, చిత్తడి నేలలు, నదులు మనకు చేసే సేవల గురించి చర్చ రాగానే ముందుగా వచ్చే ప్రశ్న, "వాటి విలువ ఎంత?" అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుందని నా అభిప్రాయం. ఆ మేలు ఎంత దూరం వెళ్తుంది? ఎవరికి చేరుతుంది?

ఒకే అడవి చేసే రెండు పనులు చూద్దాం. కోస్టారికాలోని ఒక కాఫీ తోటలో జరిపిన పరిశోధన 2004లో వెలువడింది. అడవికి సుమారు కిలోమీటరు లోపల ఉన్న మొక్కల్లో, అడవి నుంచి వచ్చే తేనెటీగల వల్ల దిగుబడి 20 శాతం పెరిగిందని అందులో తేలింది. అది దాటితే ఆ లాభం లేదు. అదే అడవి పీల్చుకునే కార్బన్ డయాక్సైడ్ సంగతి వేరు. ఆ వాయువు భూమి చుట్టూ కలిసిపోతుంది కాబట్టి, దాన్ని పీల్చుకునే చెట్టు ఏ ఖండంలో ఉన్నా ఫలితం అందరిదీ. కార్బన్ కోసమైతే చెట్లను ఇక్కడ కొట్టి అక్కడ నాటినా, అవి పెరిగాక లెక్క సరిపోవచ్చు. పరాగ సంపర్కానికి ఆ మార్పిడి పనికిరాదు. తోట పక్కన అడవి పోతే పోయినట్టే.

మ్యాపుల్లోనూ ఇదే ఇబ్బంది. ఒక్కో చుక్క ఒక చదరపు కిలోమీటరును చూపించే శాటిలైట్ మ్యాప్‌తో ఒక దేశపు కార్బన్ నిల్వను అంచనా వేయవచ్చు. కానీ పొలాల మధ్య మిగిలిన చిన్న చిన్న పొదలు అందులో కనిపించవు. తేనెటీగలు బతికేదేమో వాటిలోనే. మ్యాప్‌లో లేనిది ప్రణాళికలోకి రాదు, దానికి నిధులూ రావు. నన్ను బాగా కలవరపెట్టే విషయం ఇది. పోనీ అన్నీ దగ్గర నుంచే చూద్దామంటే అదీ చాలదు. అమెజాన్ అడవి గాలిలోకి వదిలే తేమ వేల కిలోమీటర్లు ప్రయాణించి దక్షిణాన లాప్లాటా నదీ ప్రాంతంలో వానగా కురుస్తుంది. ఒక ఊరి పరిధిలో కొలిస్తే అది ఎక్కడా తేలదు.

నిర్వహణలో దెబ్బ తగిలేదీ ఇక్కడే. మిసిసిపీ నదిలోకి అమెరికాలోని 31 రాష్ట్రాల నీరు చేరుతుంది. ఎగువ పొలాల నుంచి కొట్టుకొచ్చే నైట్రోజన్, ఫాస్ఫరస్ వల్ల మెక్సికో సింధుశాఖలో ఏటా వేసవిలో ఆక్సిజన్ బాగా తగ్గిపోయిన ప్రాంతం ఏర్పడుతోంది. 2017లో అది సుమారు 22,700 చదరపు కిలోమీటర్లకు పాకింది. ఎరువు వేసే రైతు ఒకచోట, వల వేసే జాలరి మరోచోట. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించే అధికారం ఏ ఒక్క రాష్ట్రానికీ లేదు.

న్యూయార్క్ నగరం దీనికి ఒక దారి చూపింది. ఆ నగరానికి నీళ్లు ఎక్కువగా వచ్చేది 200 కిలోమీటర్ల దాకా దూరంలో ఉన్న కొండ ప్రాంతాల నుంచి. వడపోత ప్లాంటు కట్టాలంటే వందల కోట్ల డాలర్లు కావాలి. దాని బదులు నీరు పుట్టే చోటునే కాపాడాలని 1997లో అక్కడి పట్టణాలతో నగరం ఒప్పందం చేసుకుంది. సెప్టిక్ ట్యాంకుల మరమ్మతులకు, పొలాల్లో పేడ వాగుల్లో కలవకుండా చూడడానికి నగరమే డబ్బు పెడుతోంది. భూమి కొనేది కూడా ఇష్టపడి అమ్మేవాళ్ల దగ్గరే. ఈ చివరి షరతు ఊరికే రాలేదు. అంతకుముందు జలాశయాల కోసం నగరం బలవంతంగా భూములు తీసుకుంది, ఊళ్లను ముంచింది. ఆ కోపం తరాలపాటు ఉండిపోయింది. అంటే, నీటి పరీవాహక ప్రాంతం మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటే సరిపోదు, అందులో బతికేవాళ్ల మాట కూడా చెల్లాలి. పై స్థాయిలో కూర్చుని ఒక చిత్తడి నేలను ప్రపంచ సంపదగా ప్రకటించడం తేలిక. అక్కడ రెల్లు కోసుకుని, చేపలు పట్టుకుని బతికేవాళ్లకు ఆ ప్రకటన వల్ల పని పోతే, ఆ నష్టాన్ని ప్రపంచమే భరించాలి. వాళ్ల నెత్తిన వేయడం అన్యాయం.

అలాగని ఒకే సరైన స్థాయి కోసం వెతకడమూ వృథానే. యూరప్‌లోని డాన్యూబ్ నదీ పరీవాహక ప్రాంతం 19 దేశాల్లో ఉంది. 1994లో సంతకాలైన ఒప్పందం కింద నల్ల సముద్రానికి చేరే కాలుష్యం లాంటి విషయాలు నది మొత్తానికీ కలిపి చర్చిస్తారు. తీసా లాంటి ఉపనదులకు విడిగా ప్రణాళికలున్నాయి. దేశాలకు వాటి ప్రణాళికలు వాటికున్నాయి. పని నెమ్మదిగా సాగుతుంది, సమావేశాలు ఎక్కువ. అయినా ఎగువన ఉన్నవాళ్లూ దిగువన ఉన్నవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటున్నారు. మిసిసిపీ రైతుకూ, సింధుశాఖ జాలరికీ కావాల్సింది అలాంటి బల్లే.