ఇంట్లో ఒకరికి జ్వరం వస్తే: డాక్టర్‌తో ఫోన్-ఇన్ (హైదరాబాద్, 2021 మే)

యాంకర్: నమస్కారం. లాక్‌డౌన్ మొదలై వారం దాటింది, పొద్దున 6 నుంచి 10 దాకానే సడలింపు. కరోనా జాగ్రత్తల మీద మీ సందేహాలకు ఊపిరితిత్తుల డాక్టర్ గారు జవాబిస్తారు. మొదటి కాల్, దిల్‌సుఖ్‌నగర్.

కాలర్: నమస్తే సార్. నాది కిరాణా షాపు. పదింటికి మూసేస్తారని అందరూ ఒక్కసారే మీద పడుతున్నారు. మాట వినపడట్లేదని మాస్కు గడ్డం కిందికి లాగి మరీ అడుగుతున్నారు.

డాక్టర్: మాట్లాడేటప్పుడే కదండీ నోట్లోంచి తుంపర్లు వచ్చేది! మాస్కు పైకి జరిపితేనే సరుకిస్తానని చెప్పండి, మొహమాటపడకండి. లిస్టు వాట్సాప్‌లో పంపమనండి, కట్టిపెట్టి బయట బల్ల మీద ఉంచండి. షట్టర్ సగం దించి లోపల పదిమందిని మాత్రం నిలబెట్టకండి, గాలి ఆడదు. మీరు సర్జికల్ మాస్కు వేసుకుని దాని మీద బట్ట మాస్కు పెట్టుకోండి. ఎన్-95 ఉంటే అదొక్కటే చాలు.

కాలర్: నోట్ల మీద శానిటైజర్ కొట్టాలా సార్?

డాక్టర్: నోట్లు వదిలేయండి. మీ చేతులు సబ్బుతో కడుక్కోండి.

యాంకర్: థాంక్యూ అండి. బోరబండ నుంచి ఒక గృహిణి.

కాలర్: హలో సార్, మా మామయ్యకు ఆదివారం నుంచి జ్వరం. అంటే శనివారం రాత్రే ఒళ్లు నొప్పులన్నారు, పెళ్లికి పోయొచ్చారు కదా, అలసట అనుకున్నాం. నిమ్మరసం, మిరియాల కషాయం ఇస్తున్నా, మూడు పూటలా ఆవిరి పట్టిస్తున్నా. ఇప్పుడు జ్వరం తగ్గింది సార్. సీటీ స్కాన్ చేయించమంటున్నారు అందరూ, చేయించాలా?

డాక్టర్: అమ్మా, ఆగండి. ఆయన వయసెంత? షుగర్ ఉందా? ఆక్సిజన్ చూశారా?

కాలర్: అరవై నాలుగు సార్, షుగర్ ఉంది. పక్కింటివాళ్ల మిషన్ పెట్టి చూస్తే 91, 92 చూపిస్తోంది, అది పాడైందనుకుంటా. ఎందుకంటే ఆయన మంచిగనే మాట్లాడుతున్నారు, టీ కూడా తాగారు. స్కాన్ ఎక్కడ చేయిస్తే మంచిది సార్?

డాక్టర్: స్కాన్ సంగతి తర్వాత. మిషన్ పాడైందని మీకు మీరే అనుకోవద్దు. అదే మిషన్ మీ వేలికి పెట్టి చూశారా?

కాలర్: నాకు 98 వచ్చింది సార్.

డాక్టర్: మరి మిషన్ బాగానే ఉందిగా తల్లీ! ఈ జబ్బులో ఆక్సిజన్ పడిపోతున్నా కొందరికి ఆయాసం తెలియదు, మామూలుగానే మాట్లాడుతుంటారు. జ్వరం తగ్గిందని కూడా ధీమాగా ఉండొద్దు, రెండో వారం మొదలయ్యేటప్పుడే చాలామందికి ఊపిరితిత్తుల్లో ముదురుతోంది. చేతులు చల్లగా ఉన్నా, గోరింటాకు, గోళ్లరంగు ఉన్నా అంకె తప్పు రావచ్చు. అందుకే చేయి వెచ్చబరిచి, ఇంకో వేలికి పెట్టి, అంకె కదలకుండా నిలిచేదాకా ఆగి చూడండి. అప్పుడూ 94 కంటే తక్కువే ఉంటే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. ఆరు నిమిషాలు నడిపించి చూడమని వాట్సాప్‌లో తిరుగుతోంది, ఆయన్ని నడిపించకండి. కూర్చున్నప్పుడే తక్కువుంటే ఆ పరీక్ష అవసరమే లేదు.

కాలర్: మెడికల్ షాపతను చిన్న మాత్రలిచ్చాడు సార్, రెండు రోజుల నుంచి వేస్తున్నా. డెక్సా అని ఏదో ఉంది.

డాక్టర్: అయ్యో! అది స్టెరాయిడ్ అమ్మా. ఆక్సిజన్ అవసరమైనవాళ్లకు డాక్టర్ చూసి ఇస్తే ప్రాణం కాపాడే మందే, కాదనను. కానీ మొదటి రోజుల్లో ఊరికే వేస్తే మేలు లేకపోగా కీడు. షుగర్ విపరీతంగా పెరుగుతుంది, బ్లాక్ ఫంగస్ ఎక్కువగా ఇలాంటివాళ్లకే వస్తోంది. కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రికి ఆ కేసులు వరసగా వస్తున్నాయి. ఆ షీటు పారేయకుండా ఆస్పత్రికి పట్టుకెళ్లి చూపించండి. అందరూ వినండి, షాపులో అడిగి స్టెరాయిడ్ కొనకండి, దండం పెడతాను.

యాంకర్: తర్వాతి కాల్...

డాక్టర్: ఒక్క నిమిషం. అమ్మా, టెస్టు చేయించారా?

కాలర్: లేదు సార్. రెండు గదులే, కిరాయికుంటున్నాం. పాజిటివ్ అని తెలిస్తే ఓనర్ ఖాళీ చేయమంటాడేమోనని టెన్షన్. అందుకే తలుపులు, కిటికీలు కూడా వేసుకుని ఉంటున్నాం, దగ్గు బయటికి వినపడకూడదని.

డాక్టర్: మీ భయం నాకు అర్థమైంది తల్లీ, మీరేం తప్పు చేయలేదు. కానీ మూసిన గదిలో అగరబత్తి వెలిగిస్తే పొగ ఎలా నిండుతుందో ఇదీ అంతే, పిల్లలకీ మీకూ అదే గాలి. కిటికీ తెరవండి, ఆయనా మీరూ మాస్కు పెట్టుకోండి. ఇప్పుడే 108కి చేయండి. బండి వచ్చేలోపు తిన్న వెంటనే కాకపోతే బోర్లా పడుకోబెట్టండి, మెడ కింద, ఛాతీ నుంచి తొడల దాకా, కాళ్ల కింద దిండ్లు సర్దండి.

కాలర్: సరే సార్. మరి స్కాన్ రేపు...

డాక్టర్: స్కాన్ వద్దమ్మా, 108! ఫోన్ పెట్టేసి చేయండి.

యాంకర్: మా వాళ్లు మీకు తిరిగి ఫోన్ చేస్తారమ్మా. కూకట్‌పల్లి, త్వరగా.

కాలర్: సార్, కూరగాయలు బ్లీచింగ్ నీళ్లలో...

డాక్టర్: వద్దు. మంచినీళ్లతో కడగండి, చాలు. శానిటైజర్ రాసుకుని వెంటనే పొయ్యి దగ్గరికి వెళ్లకండి, అంటుకుంటుంది. కిటికీలు తెరిచి పెట్టండి.

యాంకర్: థాంక్యూ. చివరి కాల్, ఉప్పల్.

కాలర్: సార్, కోవిషీల్డ్ మొదటి డోసు ఏప్రిల్‌లో వేయించుకున్నా. రెండోది వెనక్కి జరిపారు. మందు పనిచేయకుండా పోతుందా?

డాక్టర్: పోదు. 12 నుంచి 16 వారాల మధ్య వేయించుకోమని ఈ నెలలోనే మార్చారు. కోవాగ్జిన్‌కు ఆ మార్పు లేదు, అది 4 నుంచి 6 వారాలే. రెండో డోసు కూడా అదే కంపెనీది ఉండాలి.

కాలర్: ఊళ్లో దినం ఉంది సార్, ఒక డోసు పడింది కదా, వెళ్లొచ్చా?

డాక్టర్: ఒక డోసుతో ధీమా వద్దు బాబూ. చావు ఇల్లు, అందరూ పట్టుకుని ఏడుస్తారు, పక్కపక్కనే కూర్చుని తింటారు. వీడియో కాల్‌లో పలకరించు, తర్వాత వెళ్లి కూర్చుని మాట్లాడు. తప్పనిసరి అయితే ఆరుబయట నిలబడు, మాస్కు తీయకు, భోజనం చేయకుండా వచ్చేయ్. మాస్కుకు ముందు వాల్వ్ ఉందా?

కాలర్: ఉంది సార్.

డాక్టర్: మార్చేయ్. దాంట్లోంచి నువ్వు వదిలే గాలి నేరుగా బయటికి పోతుంది, నీలో వైరస్ ఉంటే అక్కడున్న పెద్దవాళ్లకు అంటుకుంటుంది.

యాంకర్: సమయం అయిపోయింది. డాక్టర్ గారికి ధన్యవాదాలు. లక్షణాలుంటే 104కి ఫోన్ చేయొచ్చు. నమస్కారం.