మెషీన్ ఏజెన్సీలోనే ఉండాలి

(ఏజెన్సీ మండలాల ఐటీఐ విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ఐటీఐ అధ్యాపకులకు, సర్పంచులకు, మండల సమాఖ్య అక్కలకు, పిల్లలందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పనందుకు ఏమీ అనుకోకండి, టైము తక్కువ ఉంది.

‘గ్రామీణ యువతకు సాంకేతిక నైపుణ్యాలు’ అని కార్డులో వేశారు. అందులో ఒక్క పనినే తీసుకుంటాను. తెగిపోయిన ఫైబర్‌ని, అంటే ఇంటర్నెట్ తెచ్చే గాజు తీగని, అతకడం.

ఊరూరికీ ఫైబర్ వేసే పథకానికి కేంద్రం 2011 అక్టోబరులో ఆమోదం తెలిపింది. తర్వాత దానికి భారత్‌నెట్ అని పేరు మార్చారు. 2023లో సవరించి 1,39,579 కోట్ల రూపాయలు కేటాయించారు. తెలంగాణలో టీ-ఫైబర్ కేబుల్‌ని మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే వేశారు. మన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌కేమో కరెంటు స్తంభాలే దారి. గాలివానకి చెట్టు కూలిందంటే కేబుల్ కూడా దాంతోపాటే పోతుంది. అప్పుడు విశాఖ నుంచి మనిషి ఘాట్ ఎక్కి రావాలి. అతుకు పనికి గంటో రెండు గంటలో చాలు, కానీ ఆ మనిషి కోసం రోజుల తరబడి చూడాలి. ఈలోగా సచివాలయంలో, పీహెచ్‌సీలో, బ్యాంకు మిత్ర దగ్గర జనం వచ్చి తిరిగిపోతుంటారు.

మరి శిక్షణ లేదా అంటే ఉంది. 2017లో మొదలైన డిజిటల్ సాక్షరత పథకంలో మనిషికి 20 గంటలు నేర్పారు. ఫోను వాడటం, ఫారం నింపడం, డబ్బు పంపడం. అవీ కావాల్సినవే, కాదనను. కానీ అవి వాడుకునేవాళ్లకు నేర్పే చదువు. లైను నిలబెట్టేవాళ్లకు నేర్పాల్సిన చదువు వేరు. ఆ రెండో చదువు పేరుతో నడిచే చాలా క్లాసుల్లో ఫైబర్ కొసల్ని కరిగించి అతికే స్ప్లైసింగ్ మెషీన్‌ని ప్రొజెక్టర్ మీద చూపించి పంపించేస్తున్నారు. పిల్లల చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది, ఫైబర్‌ని నున్నగా కోసే క్లీవర్ మాత్రం ఒక్కసారి కూడా పట్టుకుని ఉండరు. ఇది అన్యాయం, గట్టిగానే అంటున్నాను.

చేత్తో చెయ్యకపోతే ఎందుకు రాదో చూడండి. ఫైబర్ గాజు మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులో వెలుతురు పోయే దారి 9 మైక్రాన్లే. పై పూత ఒలవాలి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. మెడికల్ షాపు స్పిరిట్‌లో నీళ్లుంటాయి, మరక మిగులుతుంది, అది పనికిరాదు. అతుకుని కాపాడే గొట్టం, స్లీవ్‌ని, అతుకు వెయ్యకముందే ఎక్కించాలి. కొత్తవాళ్లు దీన్నే మరిచిపోతారు, అప్పుడు వేసిన అతుకు తెంపి మళ్లీ మొదలు. తర్వాత క్లీవర్‌తో కోత. కోణం మెషీన్‌లో పెట్టిన హద్దు దాటితే మెషీన్ తిప్పికొడుతుంది. బ్లేడు అరిగితే ఎన్నిసార్లు కోసినా అంతే. బ్లేడుని తిప్పి కొత్త అంచు తెచ్చుకోవడం చాలామందికి ఎవరూ చూపించలేదు, అందుకే మెషీన్ పాడైందని కంపెనీకి పంపించేస్తుంటారు.

ఇక్కడివాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. సముద్రం పక్కన విశాఖలో సరిచేసిన మెషీన్‌ని పుష్యమాసం పొద్దున లంబసింగి మంచులో తెరిస్తే ఫైబర్‌ని కరిగించే స్పార్కు బలం మారిపోతుంది. ఎత్తు, చలి, తేమ మూడూ దాని మీద పనిచేస్తాయి. అందుకే పనికి ముందు ఆర్క్ కాలిబ్రేషన్, అంటే ఆ స్పార్కుని సరిచేసుకోవడం, చెయ్యాలి. రెండు మూడు నిమిషాల పని. అది చెయ్యకపోతే వెలుతురు నష్టం 0.05 డీబీ (డెసిబెల్) దాటకూడని అతుకు 0.3 చూపిస్తుంది. మెషీన్ ఈ కొండ మీదే ఉండాలి, శిక్షణ ఈ చలిలోనే జరగాలి అని పట్టుబట్టేది అందుకే.

ఉద్యోగాల గురించి, ఇంటర్వ్యూల గురించి కూడా చెప్పాలనుకున్నాను. వాటిని పక్కన పెడుతున్నాను, ఎందుకంటే తెగిన చోటు దొరక్కపోతే అతుకు వచ్చినా లాభం లేదు.

తెగిన చోటు దూరం కొలిచే ఓటీడీఆర్ మీటరు 4.2 కిలోమీటర్లు చూపించిందనుకోండి. బండి మీటరు చూసుకుంటూ 4.2 దగ్గర స్తంభం ఎక్కితే అక్కడేమీ ఉండదు. అది చెప్పేది లోపలి ఫైబర్ పొడవు. జాయింట్ల దగ్గర వదిలిన చుట్టలన్నీ అందులో కలిసి ఉంటాయి. ఏ స్తంభం మీద ఎన్ని మీటర్ల చుట్ట ఉందో కాగితం మీద రాసి ఉంటేనే చోటు తేలుతుంది. గాజులో వెలుతురు వేగాన్ని చెప్పే వక్రీభవన గుణకం ఓటీడీఆర్‌లో 1.468 ఉండాల్సింది 1.460 పెడితే, ఆ దూరానికే ఇరవై మీటర్ల పైచిలుకు తేడా వస్తుంది. ఇక 1310 నానోమీటర్ల వెలుతురుతో కొలిస్తే బాగుండి 1550తో కొలిస్తే నష్టం ఎక్కువ చూపిస్తే ఫైబర్ తెగలేదు, ఎక్కడో బాగా వంగింది. బిగించిన టై వదులు చేస్తే సరిపోతుంది. కొలిచేటప్పుడు మాత్రం ఆ ఫైబర్‌లో సిగ్నల్ ఉండకూడదు, ఉంటే ఓటీడీఆరే పోతుంది.

పిల్లలూ, ఇది రాసుకోండి. నెట్ పంపే కేంద్రంలోని పెట్టె, ఓఎల్‌టీ, ఇచ్చే వెలుతురు బలం ప్లస్ 3 డీబీఎం. పన్నెండు కిలోమీటర్లకు 0.35 చొప్పున 4.2 పోతుంది. 32 ఇళ్లకు చీల్చే స్ప్లిట్టర్ దగ్గర 17.5, ఆరు అతుకులకు కాస్త ఎక్కువే వేసుకుని 0.6, నాలుగు కనెక్టర్లకు 2. మొత్తం 24.3. ఇంటి పెట్టె దగ్గర మైనస్ 21.3 రావాలి. మైనస్ 27 కంటే కిందికి పోతే లైను నిలవదు. మీటర్‌లో మైనస్ 26 చూసి ‘నెట్ వస్తోంది కదా’ అని వెళ్లిపోయేవాడు పని నేర్చుకోనట్టే. కనెక్టర్ మీద కాస్త దుమ్ము పడితే చాలు, ఆ ఇంటికి నెట్ పోతుంది. ఇంకొక మాట, ఫైబర్ కొసలోకి ఎప్పుడూ కన్ను పెట్టి చూడకండి. ఆ వెలుతురు కంటికి కనపడదు, కన్ను మాత్రం పాడవుతుంది. కోసిన ముక్కల్ని డబ్బాలో వెయ్యండి. నేల మీద పడేస్తే కాళ్లలో దిగుతాయి.

అక్కలూ, మీతో ఒక మాట. మంచి మెషీన్ లక్ష దాటుతుంది. ఒక్క కుర్రాడు కొనలేడు. మండల సమాఖ్య కొని, అతుకుకి ఇంత అని అద్దెకిస్తే అది తిరుగుతూనే ఉంటుంది. దాన్ని నడిపేది మీ ఇంటి ఆడపిల్ల ఎందుకు కాకూడదు? ఈ పనికి కావాల్సింది కండబలం కాదు, వేళ్ల నిదానం. స్తంభం ఎక్కడానికి వేరే మనిషి ఉంటాడు. అతుకు మామూలుగా నేల మీద, బల్ల మీదే వేస్తారు.

కాంట్రాక్టర్లు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. స్టైపెండులో నాలుగో వంతు, 1,500 రూపాయలు మించకుండా, కేంద్రం భరిస్తుంది. ఈ సంగతి తెలియక వదిలేసేవాళ్లు చాలామంది.

ప్రిన్సిపాల్ గారూ, మెషీన్ ఇండెంట్‌తో పాటు పాత కేబుల్ ముక్కలు కూడా అడగండి. లైన్లు మార్చినప్పుడు అవి వృథాగా పడుంటాయి. ఒక్కో విద్యార్థి కనీసం రెండు వందల అతుకులు వేసి, ఒక్కోదాని నష్టం నోటుబుక్కులో రాసుకున్నాకే పరీక్ష పెట్టండి. స్పార్కు ఇచ్చే ఎలక్ట్రోడ్ల అదనపు జత, క్లీవర్ బ్లేడు కూడా అదే ఇండెంట్‌లో రాయండి. తర్వాత అడిగితే రావు, మెషీన్ బీరువాలోకి పోతుంది.