మేనేజ్‌మెంటు వైపు కుర్చీ
(గుంటూరులో జూనియర్ న్యాయవాదుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఇందాక నన్ను 'మేనేజ్‌మెంటు లాయరు' అని పరిచయం చేశారు. ఊళ్లో ఇంకా సూటిగా 'యజమానుల లాయరు' అంటారు. నలభై ఏళ్లుగా విని అలవాటైపోయింది. మా అమ్మకే చివరిదాకా మింగుడుపడలేదు. ఆవిడ ఇదే గుంటూరులో పొగాకు గ్రేడింగుకు వెళ్లిన మనిషి. "నీ ఎదురుగా నిలబడేది నాలాంటివాళ్లే కదరా" అనేది.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్లు వచ్చాయి. నేను చెప్పే సెక్షన్లు మాత్రం అంతకుముందున్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టానివి. నా జీవితమంతా దాంతోనే గడిచింది మరి.

లేబర్ కోర్టులో నా మొదటి కేసు నేను వాదించనేలేదు. సెక్షన్ 36(4) ప్రకారం అవతలి పక్షం ఒప్పుకోవాలి, కోర్టూ అనుమతించాలి. అప్పుడే లాయరుకి ప్రవేశం. రెండూ ఉండాల్సిందేనని 1976లో పారదీప్ పోర్ట్ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. యూనియన్ నాయకుడు "మేం ఒప్పుకోం" అన్నాడు, అంతే. వెనక బెంచీలో కూర్చుని మా మేనేజరుకి చీటీలు రాసి అందించాను. నా చేతిరాత అర్థంకాక ఆయన ఇంకా తడబడ్డాడు. యజమానుల సంఘంలో పదవి ఉంటే ఆ హోదాలో లాయరైనా వాదించవచ్చన్న కిటుకు తర్వాత తెలిసింది.

మన క్లయింట్లు ఎక్కువగా ఓడిపోయేది కోర్టులో కాదు, డొమెస్టిక్ ఎంక్వైరీలోనే, అంటే కార్మికుడి మీద ఆరోపణకి కంపెనీ తనే జరిపే విచారణలో. ఛార్జిషీటు ఇచ్చినవాడే సాక్షి, వాడే విచారణాధికారి! ఎంక్వైరీ సవ్యంగా జరిగినా, శిక్ష మరీ ఎక్కువనిపిస్తే 11ఏ కింద కోర్టు తగ్గించగలదు.

ఇప్పుడు ఓ స్పిన్నింగ్ మిల్లు సంగతి. పన్నెండేళ్లు పనిచేసినతన్ని "రేపట్నుంచి రావద్దు" అన్నారు. ఏడాదిలో 240 రోజులు నిండితే 25ఎఫ్ కింద నెల నోటీసు, సర్వీసులో ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. మస్టరులో, అంటే హాజరు పుస్తకంలో, 231 ఉన్నాయి. హమ్మయ్య అనుకుంటూ పుస్తకాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లాను. జనవరి నుంచి డిసెంబరు దాకా ఒకే నీలం సిరా, ఒక్క కొట్టివేత లేదు. నూనె మరక లేదు, అట్టకు దూది పీచైనా అంటలేదు. మిల్లు టైమ్ ఆఫీసులో ఏడాది నలిగిన పుస్తకం అలా ఉంటుందా? ఒక్క రాత్రిలో కూర్చుని రాసింది.

"ఇది నేను కోర్టులో వేయను" అన్నాను.

"ఫీజిచ్చేది నేనా, వాడా?" అని యజమాని ఫైలు లాక్కుని వెళ్లిపోయాడు. పది రోజులకు తిరిగొచ్చాడు. పన్నెండు నెలలకూ అతని పేరున నిండు జీతం మీద కట్టిన పీఎఫ్ లెక్కలు యూనియన్ చేతికి చిక్కాయట. అబద్ధానికి భయపడలేదు గానీ, తన ఆఫీసు కట్టిన పీఎఫ్‌కే భయపడ్డాడు.

రాజీకి మా ఆఫీసులోనే కూర్చున్నాం. నోటీసు జీతం, పరిహారం అయ్యాక గ్రాట్యుటీ లెక్క వేశాను. జీతం 13,000. దాన్ని 26తో భాగిస్తే రోజుకి 500. పదిహేను రోజులకి 7,500, పన్నెండేళ్లకి 90,000.

"నెలకి ముప్పై రోజులు కదా సార్, ఇరవై ఆరేమిటి?" అన్నాడతను.

"ఆదివారాలు తీసేస్తారయ్యా. ముప్పైతో భాగిస్తే నీకే తగ్గుతుంది."

కాసేపు కాగితం వంకే చూశాడు.

"ఆదివారాలు కూడా వచ్చాను సార్."